ముద్ద ఎటు పోతోందో కంప్యూటర్ చెబుతుందట... మరి ఆ వీడియో తీసేదెవరు?

అన్నం తింటుంటే పొలమారడం మనకు పెద్ద విషయమే కాదు. "ఎవరో తలుచుకుంటున్నారు" అని నెత్తి మీద తట్టి, రెండు గుక్కల నీళ్లిస్తారు. ఉర్దూ మాట్లాడే ఇళ్లల్లో "ఠస్కా లగా" అంటారు, అంతటితో సరి. కానీ ఫాలిజ్ వచ్చిన మనిషికి, గొంతు క్యాన్సర్‌కు రేడియేషన్ తీసుకున్న మనిషికి, పార్కిన్సన్స్‌తో బాధపడే పెద్దాయనకు పొలమారడం వేరే సంగతి. ముద్దలో కొంత, నీళ్లలో కొంత శ్వాసనాళం గుండా ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. అక్కడ న్యుమోనియా మొదలవుతుంది. ఇంకా భయపెట్టే విషయం, వీళ్లలో కొందరికి దగ్గు కూడా రాదు. ఎదురుగా కూర్చుని తినిపిస్తున్న కోడలికి, కూతురికి అంతా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. డాక్టర్లు దీన్ని సైలెంట్ ఆస్పిరేషన్ అంటారు.

ఈ కనిపించని ప్రమాదాన్ని కంప్యూటర్‌తో పట్టుకోవచ్చని కొన్నేళ్లుగా ప్రయోగాలు నడుస్తున్నాయి. మింగుతున్నప్పుడు తీసిన ఎక్స్‌రే వీడియోను సాఫ్ట్‌వేర్‌కు ఇస్తే, గొంతులో ఏ ఎముక ఎంత కదిలింది, ముద్ద ఎటు పోయింది, ఎంత మిగిలిపోయింది అన్నది అదే లెక్కగట్టి చెప్పాలన్నది లక్ష్యం. 2024 సెప్టెంబర్‌లో గ్లోబల్ ఏఐ సమ్మిట్ జరిపించుకున్న హైదరాబాద్‌లో ఇలాంటి మాట వినగానే "మన ఆస్పత్రులకు ఎప్పుడొస్తుంది?" అనడం సహజం. నాకు మాత్రం అంతకంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటి కనబడుతోంది. బొమ్మను చదివే యంత్రం సంగతి తర్వాత, అసలు ఆ బొమ్మ తీయించుకునే రోగులు మన దగ్గర ఎంతమంది? పక్షవాతం వార్డులో తొలి ముద్ద పెట్టేముందు "ఈయన మింగగలడా?" అని చూసే అలవాటు ఎన్ని ఆస్పత్రుల్లో ఉంది?

ఒక్క సెకను, ముప్పై బొమ్మలు

గుటక వేయడం ఒక పనిలా కూడా అనిపించదు మనకు. నాలుక ముద్దను వెనక్కి నెట్టగానే, గడ్డం కింద గుర్రపు నాడా ఆకారంలో ఉండే హైయాయిడ్ ఎముక పైకీ ముందుకీ లేస్తుంది. దాంతో పాటు స్వరపేటిక లేస్తుంది, శ్వాసనాళం మూసుకుంటుంది, ఆహారనాళం పైభాగం తెరుచుకుంటుంది. ఆ కాసేపు ఊపిరి ఆగుతుంది. గొంతులో జరిగే ఈ భాగమంతా సుమారు ఒక్క సెకనులో అయిపోతుంది. ఎముక తగినంత లేవకపోయినా, ఆలస్యంగా లేచినా దారి సరిగా మూసుకోదు.

ఇదంతా బయటికి కనిపించదు కాబట్టి వీడియో ఎక్స్‌రే తీస్తారు. ఎక్స్‌రేలో కనబడేలా బేరియం కలిపిన ద్రవాన్ని, మెత్తటి పదార్థాన్ని, గట్టి పదార్థాన్ని కొద్దికొద్దిగా ఇస్తూ, రోగిని కూర్చోబెట్టి పక్క నుంచి తీస్తారు. అమెరికాలోని నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీకి చెందిన జెరీ లోగెమాన్ ఈ పరీక్షకు ఒక పద్ధతి తెచ్చారు. 1983లో వచ్చిన ఆమె పుస్తకం ఈ రంగానికి పునాది లాంటిది. బేరియం పూసిన బిస్కెట్ కూడా తినిపించేవారు కనుక దీనికి "కుకీ స్వాలో" అనే ముద్దుపేరు కూడా పడింది. హైదరాబాద్‌లో మొదలై ఉంటే అది ఉస్మానియా బిస్కెట్ అయ్యుండేదేమో!

ఇక్కడ ఒక తికమక ఉంది, ఇంటివాళ్లు తెలుసుకోవాల్సిందే. మన స్కానింగ్ సెంటర్లలో "బేరియం స్వాలో" పేరుతో చేసేది ఎక్కువగా ఆహారనాళం కోసం. గ్లాసుతో బేరియం తాగిస్తారు, ఛాతీలో అది దిగే తీరు చూస్తారు. పక్షవాతం రోగికి కావాల్సింది వేరు, "మాడిఫైడ్ బేరియం స్వాలో" లేదా "వీడియోఫ్లోరోస్కోపీ". చీటీ మీద ఏది రాశారో చూసుకోండి. బేరియం హలాలేనా అని అడిగేవాళ్లూ ఉన్నారు. బేరియం సల్ఫేట్ ఒక ఖనిజం పొడి, ఒంట్లో ఇంకకుండా బయటికి పోతుంది. రుచి కోసం కలిపే వాటి గురించి అనుమానం ఉంటే డబ్బా మీద చదువుకోవచ్చు.

వీడియో సెకనుకు 30 ఫ్రేములు తీస్తుంది. రోగి చేత పది గుటకలు వేయిస్తే, గొంతు దశ వరకే చూసినా దాదాపు 300 బొమ్మలు. రేడియేషన్ తగ్గించాలని ఫ్రేములు తగ్గిస్తే, చిటికెలో జరిగిపోయే తప్పు దొరక్కుండా పోవచ్చు. స్పీచ్ థెరపిస్టు వీటిని ఆపి ఆపి చూడాలి. 1996లో రోజెన్‌బెక్ బృందం ఇచ్చిన 8 మెట్ల కొలబద్ద ఇప్పటికీ వాడుకలో ఉంది. 1 అంటే శ్వాసమార్గంలోకి ఏమీ పోలేదు. 8 అంటే స్వరతంత్రుల కిందికి దిగిపోయింది, దాన్ని బయటికి నెట్టే ప్రయత్నం కూడా శరీరం చేయలేదు. 2008లో బోనీ మార్టిన్-హారిస్ బృందం 17 అంశాలతో మరో పద్ధతి తెచ్చింది. పద్ధతులు ఇన్ని ఉన్నా, ఒకే వీడియోను ఇద్దరు చూస్తే రెండు రకాలుగా మార్కులు వేయడం మామూలే, ముఖ్యంగా తగిన శిక్షణ లేనప్పుడు. సమయం ఎక్కువ పడుతుంది, మనుషులు తక్కువ, అభిప్రాయాలు కలవవు. కంప్యూటర్‌కు పని దొరికింది ఇక్కడే.

పిట్స్‌బర్గ్‌లో ఏం చేశారు?

పిట్స్‌బర్గ్ యూనివర్సిటీలో ఇంజనీర్ ఎర్విన్ సెజ్డిచ్, స్పీచ్ పాథాలజిస్ట్ జేమ్స్ కోయిల్ కలిసి చేసిన పని ఈ రంగంలో బాగా తెలిసిన ఉదాహరణ. 2018లో వాళ్ల బృందం "సైంటిఫిక్ రిపోర్ట్స్" పత్రికలో ఒక పరిశోధన ప్రచురించింది. నిపుణులు ముందుగా వేల ఫ్రేముల్లో హైయాయిడ్ ఎముక ఎక్కడుందో గుర్తు పెట్టారు. వాటిని చూసి నేర్చుకున్న ప్రోగ్రాం, కొత్త ఫ్రేముల్లో ఆ ఎముకను తానే వెతికింది. సగటు ఖచ్చితత్వం 89.14 శాతం అని లెక్క తేలింది.

సంఖ్య బాగుంది. కానీ అది చెప్పేదేమిటో జాగ్రత్తగా చదవాలి. అది "ఎముక ఇక్కడుంది" అనే దానికి వచ్చిన మార్కు, "ఈ రోగికి అన్నం పెట్టొచ్చు" అనే దానికి కాదు. ఎముక కదలిక ఒక సూచన మాత్రమే. ఎముక బాగానే లేచినా నీళ్లు దారి తప్పవచ్చు. వార్తల్లో ఈ రెంటినీ కలిపేసి "మింగే జబ్బును 89 శాతం పట్టేసే ఏఐ" అని రాసేస్తే, అది చదివి ఏదో ఒక ఇంట్లో తప్పు నిర్ణయం జరుగుతుంది.

ముద్ద దారి తప్పిందా లేదా అని నేరుగా చెప్పే ప్రోగ్రాంలు కూడా వస్తున్నాయి. వాటి దగ్గర మరో చిక్కు. నేను కామర్స్ చదివినవాణ్ణి కాబట్టి ఆడిట్ భాషలో చెబుతాను. వంద బిల్లుల్లో పది దొంగ బిల్లులు ఉన్నాయనుకోండి. ఒక ఆడిటర్ ఒక్కటి కూడా తెరిచి చూడకుండా అన్నిటి మీదా "సరిగ్గా ఉంది" అని ముద్ర వేశాడు. అతని ఖచ్చితత్వం 90 శాతం! పట్టుకున్న దొంగ బిల్లులు మాత్రం సున్నా. గుటకల విషయమూ ఇంతే. వీడియోల్లో ఎక్కువ గుటకలు బాగానే ఉంటాయి, శ్వాసనాళంలోకి పోయేవి తక్కువ. కాబట్టి ఏ కంపెనీ అయినా మొత్తం ఖచ్చితత్వం చూపించి అమ్మడానికి వస్తే, ఆస్పత్రి అడగాల్సింది ఒకటే: నిజంగా ప్రమాదం ఉన్నవాళ్లలో ఎంతమందిని వదిలేసింది? మంచిగా ఉన్న మనిషికి "ప్రమాదం" అంటే కొన్నాళ్లు జావ తాగుతాడు. ప్రమాదం ఉన్న మనిషికి "బాగుంది" అంటే ఐసీయూకు పోతాడు. ఈ రెండు తప్పుల ధర ఒకటి కాదు.

ఎక్స్‌రే లేకుండా చూసే దారులు

మన జిల్లాలకు పనికొచ్చేది బహుశా ఎక్స్‌రే వీడియోను చదివే సాఫ్ట్‌వేర్ కాకపోవచ్చు. పిట్స్‌బర్గ్ బృందమే 2019లో మరో పరిశోధన ప్రచురించింది. మెడ మీద చిన్న సెన్సర్లు అంటించి, గుటక వేసేటప్పుడు పుట్టే కంపనాలను బట్టి హైయాయిడ్ కదలికను అంచనా వేయడం. ఎక్స్‌రే వీడియో ఇక్కడ పాఠం చెప్పే గురువు మాత్రమే. నేర్చుకున్నాక సెన్సర్ ఒక్కటీ మంచం పక్కన పనిచేయాలన్నది ఆలోచన. రేడియేషన్ లేదు, పెద్ద యంత్రం లేదు. అయితే ఇది పరిశోధన దశ దాటి రోజువారీ వార్డులోకి రావాలంటే ఇంకా చాలా చూడాలి.

మరొకటి అల్ట్రాసౌండ్. గడ్డం కింద ప్రోబ్ పెట్టి నాలుక, హైయాయిడ్ కదలిక చూడవచ్చు. యంత్రం మండల కేంద్రాల్లో కూడా దొరుకుతుంది. కానీ మన దేశంలో దీనికి ఒక అడ్డు ఉంది, విదేశీ పరిశోధకులకు తోచనిది. గర్భంలో ఆడశిశువుల హత్యలను ఆపడానికి 1994లో తెచ్చిన పీసీపీఎన్‌డీటీ చట్టం. దాని కింద ప్రతి యంత్రం, అది ఉండే చోటు రిజిస్టర్ కావాలి. అర్హత ఉన్నవాళ్లే వాడాలి. పోర్టబుల్ యంత్రాన్ని చేతిలో పట్టుకుని ఇంటింటికీ తిరగడం కుదరదు. చట్టం అవసరమే, అందులో సందేహం లేదు. కానీ స్పీచ్ థెరపిస్టు గొంతు చూడటానికి అల్ట్రాసౌండ్ వాడాలంటే దారి ఏమిటో ఎవరో ఒకరు స్పష్టం చేయాలి.

ఏ పద్ధతైనా, అది ఎవరి గొంతులు చూసి నేర్చుకుందన్నది ముఖ్యం. అమెరికాలోనో కొరియాలోనో ఒక ఆస్పత్రి రోగుల వీడియోలతో నేర్చుకున్న ప్రోగ్రాం, వేరే ఎక్స్‌రే యంత్రం, వేరే వయసు, వేరే ఒంటి తీరు ఎదురైతే తడబడవచ్చు. ఇక మనకు ప్రత్యేకమైనవి కొన్ని. నిండు గడ్డం ఉన్న పెద్దాయన మెడ మీద సెన్సర్ సరిగా అంటుకుంటుందా? అల్ట్రాసౌండ్ ప్రోబ్ సరిగా ఆనుతుందా? పర్దా పాటించే అమ్మీజాన్ మెడకు సెన్సర్ పెట్టడానికి మహిళా సిబ్బంది ఉంటారా? ఎక్స్‌రే ముందు హిజాబ్ పిన్నులు, కమ్మలు తీయాల్సి ఉంటుందని ముందే చెబుతారా? చిన్న ప్రశ్నల్లా కనబడతాయి. కానీ పరీక్ష గది గడపలోంచి ఒక మహిళ వెనక్కి వెళ్లిపోవడానికి ఇలాంటి చిన్నవే చాలు.

తొలి గుక్కకు ముందు

2005లో టొరంటో యూనివర్సిటీకి చెందిన రోజ్‌మేరీ మార్టినో బృందం అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి చూసింది. పక్షవాతం తర్వాత మింగే ఇబ్బంది ఎంతమందికి? పైపైన చూసే పరీక్షలతో 37 నుంచి 45 శాతం. నిపుణులు మంచం దగ్గర నిలబడి పూర్తిగా పరీక్షిస్తే 51 నుంచి 55. యంత్రంతో చూస్తే 64 నుంచి 78. జబ్బు అదే, చూసే కన్ను మారితే సంఖ్య మారింది. మింగే ఇబ్బంది ఉన్నవాళ్లకు న్యుమోనియా ముప్పు మూడు రెట్లు, ఆస్పిరేషన్ ఉన్నవాళ్లకు 11 రెట్లు అని కూడా తేల్చారు. యంత్రం కావాలనే వాదనకు ఇదే బలం.

అయితే దీని పక్కనే మరో అధ్యయనం పెట్టి చూడాలి. 2011లో "లాన్సెట్"లో ఆస్ట్రేలియా నుంచి ఒక ఫలితం వచ్చింది. న్యూ సౌత్ వేల్స్‌లోని 19 పక్షవాతం యూనిట్లలో, కొన్నిచోట్ల నర్సులకు మూడు పనులు నేర్పారు: జ్వరం చూడటం, షుగర్ చూడటం, మింగగలరో లేదో చూడటం. 90 రోజుల తర్వాత చనిపోయినవాళ్లు, ఇతరుల మీద ఆధారపడినవాళ్లు కలిపి ఆ యూనిట్లలో 42 శాతం, మామూలు యూనిట్లలో 58 శాతం. మూడు పనుల్లో ఏది ఎంత మేలు చేసిందో విడదీసి చెప్పలేం. కానీ ఏఐ లేదు, కొత్త యంత్రం లేదు. ఒక కాగితం, ఒక శిక్షణ, చేసి తీరాలన్న నియమం.

మన ప్రభుత్వ ఆస్పత్రుల్లో బడ్జెట్ పరంగా చూస్తే ఇదే మొదటి మెట్టు అని నా అభిప్రాయం. ఎక్స్‌రే వీడియో తీసే ఫ్లోరోస్కోపీ యంత్రాలు పెద్ద ఆస్పత్రుల్లో ఇప్పటికే ఉన్నాయి, ఎముకల ఆపరేషన్లకు, ఇతర పరీక్షలకు వాడుతున్నారు. అంటే పెట్టుబడిలో కొంత ఎప్పుడో పెట్టేశాం. లేనిది ఆ యంత్రం పక్కన నిలబడే స్పీచ్ థెరపిస్టు, ఆ యంత్రం దగ్గరికి రోగిని పంపే చీటీ. సాఫ్ట్‌వేర్ కొంటే వీడియో చదివే సమయం తగ్గుతుంది నిజమే, కానీ వీడియోలే రాకపోతే తగ్గేదేముంది? క్షయతో పోల్చి చూడండి. ఛాతీ ఎక్స్‌రేను కంప్యూటర్ చదివి క్షయ అనుమానితులను గుర్తించడాన్ని 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ 15 ఏళ్లు పైబడినవాళ్లకు సిఫారసు చేసింది. మన దేశంలోనూ అది వాడుకలోకి వచ్చింది. ఎందుకంటే ఛాతీ ఎక్స్‌రే అప్పటికే ఊరూరా ఉంది.

ఇంకో సంగతి. 2020 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలో వైద్యానికి వాడే సాఫ్ట్‌వేర్ కూడా వైద్య పరికరం కిందికే వస్తుంది, నియంత్రణ ఉంటుంది. రోగుల డేటా విషయంలో 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఉంది. ఆరోగ్యంలో ఏఐ వాడకంపై ఐసీఎంఆర్ 2023లో మార్గదర్శకాలు ఇచ్చింది. కాబట్టి "మా దగ్గర ఏఐ ఉంది" అని ఏ ఆస్పత్రి బోర్డు పెట్టినా, దానికి అనుమతి ఉందా, రిపోర్టు మీద సంతకం ఎవరిది, మా వీడియో ఎక్కడికి పోతుంది, దీనికి బిల్లులో వేరే లైను వేస్తారా అని అడగడం మొరటుతనం కాదు, మీ హక్కు.

ఇంట్లో తెలియాల్సినవి

మన ఇళ్లల్లో ఒక గట్టి నమ్మకం ఉంది: ఏమీ తినలేకపోతే కనీసం నీళ్లైనా తాగించాలి. గొంతు బలహీనపడిన మనిషికి చాలాసార్లు అతి కష్టమైనది నీళ్లే. పలచగా ఉంటాయి కాబట్టి మూత పడేలోపే జారిపోతాయి. రెండోది, షేర్వా కలిపిన అన్నం. నోట్లో షేర్వా ముందు జారుతుంది, మెతుకులు వెనక ఉండిపోతాయి. రెండు రకాలు కలిసిన తిండి ఒకే రకం దానికంటే కష్టం. హలీం మెత్తగానే ఉంటుంది, సరే, కానీ పైన చల్లిన వేయించిన ఉల్లి, జీడిపప్పు, లోపల మిగిలిన చిన్న ఎముక ముక్క?

తిండి, పానీయాల చిక్కదనానికి ఐడీడీఎస్ఐ అనే అంతర్జాతీయ కొలత ఉంది, 0 నుంచి 7 వరకు. 0 అంటే నీళ్లు, 7 అంటే మామూలు తిండి. పానీయాలను 10 మిల్లీలీటర్ల సిరంజితో కొలవవచ్చు: నింపి, 10 సెకన్లు వదిలి, ఎంత మిగిలిందో చూడటమే. ఏ మెట్టు మీ రోగికి సరిపడుతుందో మాత్రం థెరపిస్టు చెప్పాలి. నీళ్లను చిక్కబరిచే పొడుల్లో పిండితో చేసినవి ఉమ్ము తగిలితే మళ్లీ పలచబడతాయి. జాంథన్ గమ్‌తో చేసినవి అంత త్వరగా పలచబడవు.

పడుకోబెట్టి తినిపించకూడదు. తిన్నాక గొంతు తడిగా, గరగరగా మారినా, మళ్లీమళ్లీ జ్వరం వస్తున్నా, భోజనానికి గంట పడుతున్నా, కారణం తెలియకుండా బరువు తగ్గుతున్నా డాక్టర్‌కు చెప్పండి. మాత్రలు నలిపి ఇచ్చేముందు అడగండి, కొన్ని మాత్రలు నలపకూడదు. రంజాన్‌లో ఇలాంటి పెద్దవాళ్లు రోజా ఉంటానని పట్టుబడితే, రోగికి షరియత్‌లో ఇచ్చిన మినహాయింపు గురించి మీ మౌలానాతో చెప్పించండి. ఇఫ్తార్ వేళ దాహంతో గబగబా నీళ్లు తాగడం వీళ్లకు ప్రమాదం.

మంచం పట్టి, స్పృహ సరిగా లేని మనిషి నోట్లో జమ్‌జమ్ చుక్కలు వేయాలన్న ఆత్రం చాలా ఇళ్లల్లో చూస్తాం. దాని వెనక ఉన్న ప్రేమను ఎవరూ తప్పుపట్టరు. పక్కనున్న నర్సును అడిగి, శుభ్రమైన దూదిని కాస్త తడిపి పెదవులు అద్దితే, గొంతులోకి జారే భయం చాలా తగ్గుతుంది.

ఇక ఈ వీడియోలు తీసి చదవాల్సిన మనుషుల సంగతి. మాట, వినికిడి నిపుణులను తయారుచేసే జాతీయ సంస్థ ఒకటి ముంబైలో ఉంది, దాని ప్రాంతీయ కేంద్రం మన సికింద్రాబాద్‌లోనే ఉంది. ఆ సంస్థ పేరు అలీ యావర్ జంగ్‌ది. హైదరాబాద్‌లో పుట్టి, ఉస్మానియా యూనివర్సిటీకి, అలీగఢ్‌కు వైస్ ఛాన్సలర్‌గా పనిచేసి, మహారాష్ట్ర గవర్నర్‌గా ఉంటూ 1976లో కన్నుమూసిన మనిషి. మన పిల్లలు ఇంటర్ బైపీసీ అవ్వగానే ఎంబీబీఎస్ సీటు రాలేదని కూర్చుంటారు. స్పీచ్, వినికిడి డిగ్రీ కోర్సు ఒకటి ఉందని, అది చదివినవాళ్లే పక్షవాతం వార్డులో "ఈయనకు అన్నం పెట్టొచ్చా?" అన్న ప్రశ్నకు జవాబు చెబుతారని ఎన్ని ఇళ్లకు తెలుసు? ఉర్దూలో, తెలుగులో "ఇప్పుడు మింగండి అమ్మీ" అని చెప్పగలిగే థెరపిస్టు ఒక్కరుంటే, గాభరా పడుతున్న ముసలామె ఆ యంత్రం ముందు ఇంకాస్త నిబ్బరంగా కూర్చుంటుంది.